టీమ్ విడిపోయింది.. మరి మీ పనేది?

ఫ్యూజీస్ బృందం నుంచి బయటికొచ్చిన గాయని లారిన్ హిల్ 23 ఏళ్లకే తొలి సోలో ఆల్బమ్‌తో చరిత్ర సృష్టించింది. ఆ విజయం ఒక పాఠం. ఆ వెంటే వచ్చిన కోర్టు దావా మరో పాఠం. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు రెండూ అవసరమే!

‘మీ ఫైనలియర్ ప్రాజెక్టు గురించి చెప్పండి’.

క్యాంపస్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాగానే చాలామంది ఉత్సాహంగా మొదలుపెడతారు. ‘మేం ఒక యాప్ తయారుచేశాం సర్. మేం రైతులతో మాట్లాడాం. మేం డేటా సేకరించాం. మేం మోడల్ ట్రెయిన్ చేశాం’... అంతా విన్నాక ఎదుటి వ్యక్తి నెమ్మదిగా అడుగుతారు. ‘బాగుంది. ఇందులో మీరేం చేశారు?’

అక్కడే చాలామందికి గొంతు ఆగిపోతుంది. బ్యాచ్‌లో నలుగురున్నారు. ఒకరు కోడ్ రాశారు, ఒకరు రిపోర్టు రాశారు, ఒకరు స్లైడ్లు చేశారు, ఇంకొకరు వైవా రోజున మాత్రమే కనిపించారు. కానీ నలుగురి రెజ్యూమెల్లోనూ ఉన్నది ఒకే వాక్యం. మరి ఎవరి పని ఎవరిది?

సరిగ్గా ఈ ప్రశ్ననే ప్రపంచం మొత్తం చూస్తుండగా ఎదుర్కొన్న అమ్మాయి లారిన్ హిల్. ఆమె తొలి సోలో ఆల్బమ్ ‘ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్’ విడుదలైంది 1998 ఆగస్టు 25న. పాతికేళ్లు దాటినా దాని ముచ్చట ఆగలేదు. 2024 మేలో యాపిల్ మ్యూజిక్ ప్రకటించిన ‘వంద ఉత్తమ ఆల్బమ్‌ల’ జాబితాలో మొదటి స్థానం దీనిదే. మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ రెండో స్థానంలో, బీటిల్స్ ‘అబే రోడ్’ మూడో స్థానంలో నిలిచాయి. అంత పేరున్న ఆల్బమ్ చుట్టూ ‘ఇది ఎవరి పని?’ అన్న వివాదం కూడా ఉంది. మనకు పనికొచ్చే సంగతంతా అక్కడే ఉంది.

ముగ్గురి బృందం

ఫ్యూజీస్‌లో ముగ్గురు: లారిన్ హిల్, వైక్లెఫ్ జాన్, ప్రాస్ మిషెల్. అమెరికాలోని న్యూజెర్సీ వాళ్ల అడ్డా. వైక్లెఫ్ హైతీలో పుట్టాడు. ప్రాస్ తల్లిదండ్రులదీ హైతీయే. శరణార్థులను వెటకారంగా పిలిచే ‘రెఫ్యూజీ’ అన్న మాటనే కుదించి, గర్వంగా తమ పేరులో పెట్టుకున్నారు. 1994లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1996లో వచ్చిన రెండోది, ‘ద స్కోర్’, ప్రపంచమంతా మోగింది. మరుసటి ఏడాది రెండు గ్రామీలు తెచ్చిపెట్టింది. అందులో ఒకటి ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌కు.

ఆ తర్వాత? ఇంకో ఆల్బమ్ రాలేదు. గొడవపడి మైకుల ముందు విడిపోతున్నామని ప్రకటించిన బృందం కాదిది. 1997లో వైక్లెఫ్ సొంత ఆల్బమ్ తెచ్చాడు. లారిన్ తన పాటలు రాసుకోవడం మొదలుపెట్టింది. ప్రాస్ కూడా తన దారి చూసుకున్నాడు. ఫేర్‌వెల్ అయ్యాక కాలేజీ వాట్సప్ గ్రూపు ఎలా మూగబోతుందో, ఫ్యూజీస్ కూడా దాదాపు అలాగే చెల్లాచెదురైంది.

అప్పటికి లారిన్‌కు ఉన్న పేరేంటి? ‘గొప్ప గొంతు’. ఆమె ర్యాప్ చేసేది, సాహిత్యం రాసేది, సంగీతం కూర్పులోనూ చెయ్యి వేసేది. అయినా చాలామంది దృష్టిలో గొంతు ఆమెది, బుర్ర మాత్రం మగవాళ్లది. ఆడపిల్లను నిర్మాతగా, దార్శనికురాలిగా ఒప్పుకోవడానికి ఈ పరిశ్రమకు మనసు రాదని ఆమె అప్పటి ఇంటర్వ్యూల్లో బాహాటంగానే చెప్పింది. దీనికి తోడు ఆ సమయంలోనే ఆమె తల్లయింది. 1997లో కొడుకు పుట్టాడు. కెరియర్ ఊపు మీదున్నప్పుడు బిడ్డ ఎందుకని కొందరు సలహా ఇచ్చిన సంగతిని, తాను వినని సంగతిని ఆల్బమ్‌లోని ‘టు జయాన్’ పాటలో ఆమే చెప్పుకొంది.

కాబట్టి ఈ ఆల్బమ్ ఆమెకు మామూలు విడుదల కాదు. ‘ఆ బృందంలో నా పనేంటో మీకు తెలియదు కదా, ఇదిగో చూడండి’ అని ఇచ్చిన జవాబు.

బృందం నుంచి ఏం తెచ్చుకుంది? ఏం వదిలేసింది?

కొత్తగా ఒంటరిగా మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. పాత టీమ్ ఫార్ములానే మళ్లీ వండి వడ్డిస్తారు. లేదంటే పాతదంతా చెరిపేసి, తమకు అలవాటు లేని పనిలో దూకుతారు. లారిన్ రెండూ చేయలేదు.

ఫ్యూజీస్‌లో నేర్చుకున్న హిప్‌హాప్, సోల్, రెగే సంగీతాల కలయికను ఆమె వదల్లేదు. కొంత రికార్డింగ్ న్యూయార్క్‌లో జరిగితే, కొంత జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని టఫ్ గాంగ్ స్టూడియోలో జరిగింది. అది బాబ్ మార్లే స్థాపించిన స్టూడియో. కానీ చెప్పిన విషయం మాత్రం పూర్తిగా తనది. ప్రేమలో మోసపోవడం, తల్లి కావడం, డబ్బు, పేరు, విశ్వాసం... ఇరవై మూడేళ్ల అమ్మాయి డైరీలా ఉంటుంది.

వాటన్నిటినీ కలిపే దారం తరగతి గది. ఆల్బమ్ బడి గంటతో మొదలవుతుంది. టీచర్ హాజరు పిలుస్తుంటారు. లారిన్ హిల్ పేరు వచ్చేసరికి జవాబుండదు. ఆమె క్లాసుకు రాలేదు! పాటల మధ్యలో పిల్లలు ప్రేమంటే ఏంటని టీచర్‌తో మాట్లాడుకుంటారు. ఆ టీచర్ గొంతు రాస్ బరాకాది. తర్వాత 2014లో ఆయనే న్యూవార్క్ నగర మేయరయ్యారు. ఆల్బమ్ పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. చరిత్రకారుడు కార్టర్ జి.వుడ్‌సన్ 1933లో నల్లజాతీయుల చదువుల మీద రాసిన ప్రసిద్ధ పుస్తకం పేరును గుర్తుచేస్తుంది.

ఫలితం? మొదటి వారంలోనే 4.22 లక్షల కాపీలు అమ్ముడై, బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో నేరుగా మొదటి స్థానం. ‘డూ వాప్’ పాట సింగిల్స్ జాబితాలోకి అడుగుపెట్టడమే నంబర్ వన్‌గా పెట్టింది. 1999 ఫిబ్రవరి గ్రామీల్లో 10 నామినేషన్లు, 5 అవార్డులు. ఒకే రాత్రి అయిదు గ్రామీలు అందుకున్న తొలి మహిళ ఆమె. ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ గెలిచిన తొలి హిప్‌హాప్ ఆల్బమూ ఇదే.

ఆ అయిదింటిలో ఒక అవార్డును జాగ్రత్తగా చూడండి. ‘బెస్ట్ న్యూ ఆర్టిస్ట్’. అంటే ఉత్తమ నూతన కళాకారిణి! అప్పటికే రెండేళ్ల కిందట బృందంతో గ్రామీ అందుకున్న అమ్మాయిని ‘కొత్త’ అన్నారు. వినడానికి వింతగా ఉన్నా ఇందులో ఒక నిజం ఉంది. బృందంగా తెచ్చుకున్న పేరు తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపలికెళ్లాక మీరు మళ్లీ ఫ్రెషరే. రెండేళ్ల అనుభవంతో ఉద్యోగం మారినా, మంచి కాలేజీ పేరుతో ఇంటర్వ్యూకి వెళ్లినా ఇదే లెక్క.

నాణేనికి రెండో వైపు

ఇక్కడితో ఆపేస్తే ఇదొక మామూలు విజయగాథ. కానీ 1998 నవంబరులో, ఆల్బమ్ ఇంకా మోగుతుండగానే, ‘న్యూ ఆర్క్’ అనే పేరుతో పనిచేసిన నలుగురు సంగీతకారులు కోర్టుకెక్కారు. పాటల రచనలో, సంగీతం కూర్పులో తాము చేసిన పనికి తగిన క్రెడిట్ ఇవ్వలేదన్నది వాళ్ల ఆరోపణ. ఆల్బమ్ లోపలి పుస్తకంలో కొన్ని పాటల దగ్గర వాళ్ల పేర్లు అదనపు సహకారం అన్నట్టుగా ఉన్నాయి. తాము చేసింది అంతకంటే చాలా ఎక్కువని వాళ్ల వాదన. ఆలోచన, దిశ, నిర్ణయం అన్నీ తనవేననీ, వాళ్లు తన పనికి సాయపడిన సంగీతకారులనీ లారిన్ పక్షం వాదన.

2001 ఫిబ్రవరిలో కోర్టు బయట రాజీ కుదిరింది. తీర్పు రాలేదు కాబట్టి ఎవరిది ఒప్పో న్యాయస్థానం తేల్చలేదు. మనం తేల్చాల్సిన పనీ లేదు. అయితే ఒక సంగతి గమనించాలి. ‘నా పనికి పేరు వేరేవాళ్లకు పోతోంది’ అన్న బాధ నుంచి పుట్టిన ఆల్బమ్ మీదే, అదే బాధతో ఇంకొందరు వచ్చి నిలబడ్డారు.

ఇలాంటిది ఎందుకు జరుగుతుంది? స్టూడియోలో అర్ధరాత్రి పాట పుడుతున్నప్పుడు ఎవరూ లెక్కలు రాసుకోరు. ఒకరు డ్రమ్స్ వాయిస్తారు, ఇంకొకరు చిన్న రాగం అందుకుంటారు, మరొకరు ఒక మాట మారుస్తారు. స్నేహం ఉన్నంతకాలం ‘అంతా మనదే’. పాట హిట్టయ్యాక ఎవరి వాటా ఎంతన్న ప్రశ్న లేస్తుంది. అప్పటికి జ్ఞాపకాలు తప్ప కాగితాలు ఉండవు. మీ ప్రాజెక్టు బ్యాచ్‌లో జరిగేదీ ఇదే కదా!

పాటలో ఎవరి పని ఏదన్నది బయటివాళ్లకు సులువుగా అర్థం కాదు. మన ఉదాహరణే చూడండి. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. అవార్డు అందుకున్నది సంగీత దర్శకుడు కీరవాణి, గీత రచయిత చంద్రబోస్. పాడినవాళ్లు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. స్టెప్పులు ప్రేమ్ రక్షిత్‌వి. పాట వినగానే మనకు గుర్తొచ్చేది ఎన్టీఆర్, రామ్‌చరణ్‌ల డ్యాన్స్. ఆ విభాగం అవార్డు బాణీకి, సాహిత్యానికి మాత్రమే ఇస్తారు. అక్కడ గొడవ రాలేదు. ఎందుకంటే ఎవరి పని ఏదో మొదటి నుంచీ స్పష్టంగా ఉంది. టైటిల్స్‌లో రాసి ఉంది.

పియానో వాయించిన స్టూడెంట్

ఇదే ఆల్బమ్‌లో ఇంకో చిన్న కథ ఉంది. ‘ఎవ్రీథింగ్ ఈజ్ ఎవ్రీథింగ్’ పాటలో పియానో వాయించింది ఒక కాలేజీ కుర్రాడు. పేరు జాన్ స్టీఫెన్స్. అప్పుడతను పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఇంగ్లిష్ చదువుతున్నాడు. పెద్ద పనేమీ కాదు, ఒక పాటలో ఒక వాయిద్యం. కానీ ఆ పని అతనిదేనని ఆల్బమ్‌లో రాసి ఉంది.

డిగ్రీ అయ్యాక అతను బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులో ఉద్యోగంలో చేరాడు. ఉద్యోగం చేస్తూనే సంగీతం వదల్లేదు. 2004 చివర్లో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. 2006లో గ్రామీ ‘బెస్ట్ న్యూ ఆర్టిస్ట్’ అయ్యాడు. లారిన్ అందుకున్న అవార్డే! ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది, అతనే జాన్ లెజెండ్.

పెద్ద పనిలో అస్పష్టమైన వాటా కంటే, చిన్న పనైనా స్పష్టమైన వాటా మేలు. రెజ్యూమెలో ‘ఏఐ ఆధారిత ఆరోగ్య వేదిక నిర్మాణం’ అని రాసి రెండో ప్రశ్నకే తడబడటం కంటే, ‘ఆ ప్రాజెక్టులో లాగిన్ భాగం, డేటాబేస్ డిజైన్ నావి’ అని రాసి పది ప్రశ్నలకు జవాబు చెప్పగలగడం నయం.

చట్టం ఏమంటోంది?

గ్రూప్స్, లా ఎంట్రన్స్‌లకు చదివేవాళ్లే కాదు, ఇంటర్న్‌షిప్ చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన నాలుగు ముక్కలివి. మన దేశంలో దీనికి ఆధారం కాపీరైట్ చట్టం-1957.

ఒకటి, సెక్షన్ 2(జడ్). ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేసిన పనిలో ఎవరి భాగం ఏదో విడదీయలేకపోతే దాన్ని ఉమ్మడి రచనగా చూస్తారు.

రెండు, సెక్షన్ 17. ఉద్యోగంలో భాగంగా మీరు చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు మీ యజమాని. ఇంటర్న్‌షిప్‌లో చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితాల్లోనూ సాధారణంగా ఈ మాట ఉంటుంది. అందుకే కంపెనీ కోసం రాసిన కోడ్‌ను అడగకుండా మీ గిట్‌హబ్‌లో పెట్టేయకండి.

మూడు, సెక్షన్ 57. హక్కులు వేరేవాళ్లకు రాసిచ్చేసినా, ‘ఈ రచన చేసింది నేనే’ అని చెప్పుకొనే హక్కు రచయితకు ఉంటుంది. అంటే యాజమాన్యం వేరు, క్రెడిట్ వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి తికమక పడతారు.

నాలుగు, 2012 సవరణ. సినిమాల కోసం పనిచేసే గీత రచయితలు, సంగీత దర్శకులు హక్కులు నిర్మాతకు ఇచ్చేసినా, థియేటర్‌లో సినిమాతో పాటు కాకుండా బయట ఆ పాటను వాడుకున్నప్పుడు రాయల్టీలో వాటా పొందే హక్కును ఇది కాపాడింది.

మీరు చేయాల్సిందేంటి?

లారిన్ కథను మీ రెజ్యూమెకు అన్వయించుకుంటే పని ఇలా ఉంటుంది.

మొదటి రోజే ఒక పేజీ రాసుకోండి: ప్రాజెక్టు మొదలయ్యేటప్పుడే ఎవరు ఏం చేస్తారో రాసి, బ్యాచ్ గ్రూపులో పెట్టండి. మధ్యలో పని మారితే ఆ పేజీనీ మార్చండి. అప్పుడు ఇది అపనమ్మకంలా అనిపించొచ్చు. నిజానికి స్నేహాన్ని కాపాడేది ఇదే. హిట్టయ్యాక కూర్చుని రాసుకోవడం న్యూ ఆర్క్‌కే కాదు, ఎవరికీ సాధ్యం కాదు.

‘మేం’, ‘నేను’ రెండూ వాడండి: లక్ష్యం చెప్పేటప్పుడు ‘మేం’. పని చెప్పేటప్పుడు ‘నేను’. ‘మేం నలుగురం కలిసి బస్సుల సమయాలు చెప్పే యాప్ చేశాం. అందులో మ్యాప్ భాగం నాది. డేటా మా ఫ్రెండ్ సేకరించింది. ఆమె ఇచ్చిన డేటాలో తప్పులుంటే పట్టుకునే చిన్న ప్రోగ్రామ్ నేను రాశాను’. ఇలా చెప్పి చూడండి. ఎదుటివాళ్ల పని ఒప్పుకొన్నందుకు మీ మార్కులేమీ తగ్గవు. మీరు చెప్పే మిగతాది కూడా నిజమేనన్న నమ్మకం కలుగుతుంది.

నిర్ణయాలు గుర్తుపెట్టుకోండి: లారిన్ వాదనలో బలమైన భాగం ‘దిశ నాది’ అన్నది. అదీ పనే. మీరు కోడ్ తక్కువ రాసి ఉండొచ్చు. కానీ ‘ఈ ఫీచర్ వద్దు, ముందు ఇది చేద్దాం’ అని నిర్ణయించింది మీరైతే, ఎందుకలా నిర్ణయించారో, ఫలితం ఏమైందో చెప్పండి. కారణం చెప్పలేకపోతే మాత్రం అది లీడర్‌షిప్ కాదు, పెత్తనం అనుకుంటారు.

పాత టీమ్‌ను తిట్టకండి: ‘మా బ్యాచ్‌లో ఎవరూ పనిచేయలేదు సర్, అంతా నేనే’ అన్న మాట నిజమే అయినా ఇంటర్వ్యూలో ఎదురు తంతుంది. రేపు మా గురించీ ఇలాగే చెబుతారేమో అనిపిస్తుంది. మీ వాటా వివరంగా చెప్పండి చాలు. మిగతాది వాళ్లే అర్థం చేసుకుంటారు.

సొంతంగా ఒక చిన్న పని చేయండి: టీమ్‌లో మీ పని కనిపించలేదనిపిస్తే వాదించడం కంటే, ఒంటరిగా ఒకటి చేసి చూపించడం సులువు. వారం రోజుల పనైనా సరే. ఒక డేటా విశ్లేషణ, ఒక చిన్న వెబ్‌సైట్, ఊళ్లో ఒక సమస్య మీద నాలుగు పేజీల నివేదిక... అదే మీ తొలి సోలో ఆల్బమ్!

ఇంకో మాట కూడా చెప్పాలి. లారిన్ హిల్ ఆ తర్వాత 2002లో ఒక లైవ్ ఆల్బమ్ తెచ్చింది. స్టూడియోలో రికార్డు చేసిన రెండో సోలో ఆల్బమ్ మాత్రం ఇప్పటివరకూ రాలేదు. అయినా ఆ ఒక్కదాని విలువ తగ్గలేదు. ఒక్క గొప్ప పని పేరు తెస్తుంది. కెరియర్ నడవాలంటే మాత్రం రోజూ చేసే పని, కలిసి పనిచేసే మనుషులు, వాళ్లతో ఉన్న లెక్కలు బాగుండాలి.

పరీక్షల కోణంలో..

* ఆల్బమ్: ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్ (1998)

* 41వ గ్రామీ (1999): ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ పొందిన తొలి హిప్‌హాప్ ఆల్బమ్

* అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నిర్వహించే నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చోటు పొందింది. సాంస్కృతికంగా భద్రపరచాల్సిన ధ్వని ముద్రణల జాబితా ఇది

* యాపిల్ మ్యూజిక్ వంద ఉత్తమ ఆల్బమ్‌లు (2024): మొదటి స్థానం

* ‘నాటు నాటు’: 95వ ఆస్కార్ (2023), ఒరిజినల్ సాంగ్ విభాగం

మళ్లీ ఆ ఇంటర్వ్యూ గదిలోకి వెళ్దాం. ‘ఇందులో మీరేం చేశారు?’ అన్న ప్రశ్న మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి అడిగేది కాదు. ఆ కంపెనీకి కావాల్సింది మీ బ్యాచ్ కాదు, మీరు. ఈ రాత్రికే మీ ప్రాజెక్టు రిపోర్టు తీసి, మీరు నిజంగా చేసిన పనులు మూడు రాయండి. వాటి పక్కనే, మీ ఫ్రెండ్స్ చేసిన పనులు మూడు వాళ్ల పేర్లతో రాయండి. రెండు జాబితాలూ తడుముకోకుండా రాయగలిగితే మీరు ఇంటర్వ్యూకి సిద్ధమైనట్టే.